చివరి పొలం దాకా నీరు: విజ్ఞాన ఆర్కైవుల లోడ్ పరీక్ష



నాకు చదువు చెప్పిన మాస్టారి స్మారకంగా ఈ ఉపన్యాసం ఇవ్వమని కమిటీవారు అడిగినప్పుడు ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. మాస్టారి గురించి మాట్లాడటం సులువే. ఆయన నేర్పినదాన్ని నేనెంతవరకు నిలబెట్టుకున్నానో ముందు వరసలో కూర్చున్న ఆయన సతీమణి, అమ్మగారి ఎదుట చెప్పుకోవడం అంత సులువు కాదు.

మాస్టారు కృష్ణా డెల్టాలో, పంటకాలువ చిట్టచివరి ఊళ్లో పుట్టారు. కాలువకు నీళ్లు వదిలారని కబురు అందిన రోజు నుంచి, ఆ నీరు తమ నారుమడి తడిపే రోజు దాకా, వాళ్ల నాన్నగారు పొద్దున్నే గట్టు మీదికి వెళ్లి చూసి వచ్చేవారట. మొదట్లో ఒడ్డులొరుసుకుంటూ పారిన కాలువ చివరి తూముకు వచ్చేసరికి పాదాలు తడిసేంత కూడా ఉండేది కాదట. మాకు క్యూ సిద్ధాంతం మొదలుపెట్టిన రోజు మాస్టారు బోర్డు మీద సూత్రం రాయలేదు, కాలువ గీశారు. ఎగువన ఒక చుక్క, దిగువన ఒక చుక్క పెట్టి, "ఈ కాలువ బాగా పారుతోందో లేదో ఎక్కడ నిలబడి చూడాలి?" అని అడిగారు. అందరం ఎగువ చుక్క చూపించాం. ఆయన సుద్దముక్కతో దిగువ చుక్కను ఇంకా పెద్దది చేశారు.

నేను ఇవాళ మాట్లాడబోయేది ఆ దిగువ చుక్క గురించే. నా వృత్తిలో దాని పేరు లోడ్ పరీక్ష.

దాచడం సగం పని

టెలిస్కోపులు, ఉపగ్రహాలు, సముద్రంలో తేలే పరికరాలు, జన్యు ప్రయోగశాలలు చేసిన కొలతల్ని పోగుచేసి, ఆ కొలతలు చేయనివాళ్లకు కూడా అందేలా ఉంచే చోటే విజ్ఞాన ఆర్కైవ్. కొలత ఒక్కసారే జరుగుతుంది. నిన్న రాత్రి ఆకాశాన్ని రేపు మళ్లీ ఫొటో తీయలేం. 1979లో కొల్లేరు ఎలా ఉందో ఇవాళ ఉపగ్రహాన్ని పంపి చూడలేం. అందుకే ఆర్కైవులు నడిపేవాళ్లం డేటా పోకుండా చూసుకోవడానికి పుట్టెడు శ్రద్ధ పెడతాం. రెండు ప్రతులు, మూడు ప్రతులు, వేరే ఊళ్లో మరో ప్రతి. అంతా అవసరమే. అయినా అది సగం పనే. అడిగినవాళ్లకు, అడిగిన సమయానికి అందించడం మిగతా సగం. ధాన్యం గాదెలో ఉన్నంత మాత్రాన ఎవరి కడుపూ నిండదు.

జనం రాకముందే, వాళ్లు వస్తే ఎంత పని పడుతుందో అంత పనిని మనమే కల్పించి వ్యవస్థ మీద పెట్టి, ఎక్కడ తడబడుతుందో చూడటం లోడ్ పరీక్ష. ఆ ఫలితాన్ని బట్టి రేపటికి ఎన్ని సర్వర్లు కావాలి, ఎంత డిస్కు కావాలి, ఎవరికి ఎంత వంతు ఇవ్వాలి అని లెక్కవేసుకోవడం సామర్థ్య ప్రణాళిక.

ఇందులో మొదటి చిక్కు, నిన్నటి లెక్కతో రేపటిని ఊహించలేకపోవడం. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల కథ చూడండి. మొదటిది 1972లో ఎగిరింది. మన హైదరాబాద్ పక్కనున్న షాద్‌నగర్ కేంద్రం 1979 నాటికే ఆ ఉపగ్రహాల సంకేతాల్ని అందుకోవడం మొదలుపెట్టింది. ఆ చిత్రాల్ని అమెరికా భూగర్భ పరిశీలన సంస్థ ఏళ్ల తరబడి వెలకట్టి అమ్మింది. అమ్మకాలు అన్నిటికంటే బాగా సాగిన 2001లో దాదాపు 25 వేల చిత్రాలు అమ్ముడుపోయాయి. 2008లో వాటిని ఉచితం చేశారు. ఏడాది తిరక్కుండానే 10 లక్షల చిత్రాలు డౌన్‌లోడ్ అయ్యాయి. నలభై రెట్లు! అమ్మకాల చిట్టా చూసి, ఏటా పదిశాతం పెరుగుతుందనుకుని సర్వర్లు కొనుక్కున్నవారెవరైనా ఆ ఏడాది ఏమయ్యేవారో ఊహించండి. కొనలేక దూరంగా నిలబడినవాళ్లు ఏ చిట్టాలోనూ కనిపించరు. ఆర్కైవు లాగ్‌లో ఉండేది వచ్చినవాళ్ల జాడలే. రాలేకపోయినవాళ్లను ప్రణాళిక వేసే మనిషే గుర్తు పెట్టుకోవాలి.

ఇరవై ప్రశ్నలు

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? దీనికి నాకు తెలిసిన మంచి జవాబు జిమ్ గ్రే అనే శాస్త్రవేత్త ఇచ్చారు. డేటాబేసుల మీద చేసిన కృషికి 1998లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారాయన. న్యూమెక్సికోలో, అపాచీ పాయింట్ దగ్గర రెండున్నర మీటర్ల టెలిస్కోపుతో స్లోన్ డిజిటల్ స్కై సర్వే సాగుతున్న రోజుల్లో, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు అలెక్స్ సలాయ్‌తో కలిసి ఆ ఆకాశపటాన్ని అందరికీ తెరిచే పనికి పూనుకున్నారు. 2001లో స్కైసర్వర్ పేరుతో అది జనంలోకి వచ్చింది.

గ్రే ఖగోళ శాస్త్రవేత్తల్ని ఎంత డేటా ఉందని ముందుగా అడగలేదు. మీరు దీన్ని అడగదలచుకున్న ఇరవై ప్రశ్నలు చెప్పండి అన్నారు. ఫలానా బిందువు చుట్టూ ఒక ఆర్క్ నిమిషం దూరంలో ఉన్న అతికాంతితో పిక్సెళ్లు చెడని గెలాక్సీలు ఏవి? కదులుతున్న గ్రహశకలాలు ఏవి? ఇలాంటివి. కొన్ని ఆకాశంలో చిన్న మూలను తడిమితే తేలేవి, కొన్ని ఆకాశం మొత్తం గాలిస్తే తప్ప తేలనివి. ఆ ఇరవై ప్రశ్నలే డేటాబేసు నిర్మాణానికి పునాది అయ్యాయి, దాని పనితీరును కొలిచే పరీక్షా అయ్యాయి.

మన పని మొదలుకావలసింది అక్కడే. రైతు ఏ పైరు వేస్తాడో తెలియకుండా కాలువ ఎంత వెడల్పు తవ్వాలో చెప్పలేం. ఎవరు అడుగుతారు, ఏమి అడుగుతారు, ఎంతమంది ఒకేసారి అడుగుతారు, ఎంతసేపు ఆగగలరు అనే నాలుగు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాసుకోకుండా చేసే లోడ్ పరీక్ష దేన్నీ పరీక్షించదు.

స్లోన్ బృందం ఇంకో మంచి పని చేసింది. ఆకాశమంతా గాలించే పెద్ద ప్రశ్నలు, చిన్న ప్రశ్నల దారికి అడ్డం పడుతున్నాయని గమనించి క్యాస్‌జాబ్స్ అనే పద్ధతి తెచ్చింది. చిన్న ప్రశ్నకు చప్పున జవాబు దొరికే వరస ఒకటి, గంటలు పట్టే ప్రశ్నకు వేరే వరస. పెద్ద ప్రశ్న అడిగినవారికి సర్వర్ మీదే సొంత గది లాంటి చిన్న డేటాబేసు ఇచ్చారు. ఫలితం అక్కడే ఉంటుంది, వీలున్నప్పుడు వచ్చి చూసుకోవచ్చు. ఆసుపత్రిలో రక్తపోటు చూపించుకోవడానికి వచ్చినవాణ్ని ఆపరేషన్ వరసలో నిలబెట్టకపోవడం లాంటిదిది.

2007 జనవరి 28న జిమ్ గ్రే తన తల్లి అస్థికల్ని సముద్రంలో కలపడానికి శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి పడవ మీద ఒంటరిగా వెళ్లారు, తిరిగి రాలేదు. ఆయన కోసం ఆ సముద్రపు ఉపగ్రహ చిత్రాల్ని ముక్కలుగా చేసి ఇంటర్నెట్‌లో పెడితే, ముఖపరిచయం లేని వేలమంది రోజుల తరబడి ఒక్కో ముక్కా చూస్తూ వెతికారు. డేటాను అందరిదీ చేయడానికి బతికిన మనిషి కోసం అందరూ డేటాలో వెతికారు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఈ వృత్తి మీద నా గౌరవం పెరుగుతుంది.

జనం ఒక్కసారిగా వచ్చిన రోజు

అదే ఏడాది జూలైలో, అదే స్లోన్ చిత్రాలతో గెలాక్సీ జూ మొదలైంది. గెలాక్సీ బొమ్మ చూసి, గుండ్రంగా ఉందా, సుడులు తిరిగి ఉందా అని మామూలు జనమే చెప్పాలి. దాదాపు 9 లక్షల గెలాక్సీలున్నాయి కదా, ఏళ్లు పడుతుందనుకున్నారు నిర్వాహకులు. తెరిచిన 24 గంటల్లోనే గంటకు దాదాపు 70 వేల జవాబులు రావడం మొదలైంది. మొదటి ఏడాదిలో లక్షన్నర మందికి పైగా కలిసి 5 కోట్లకు పైగా జవాబులిచ్చారు. మొదటిరోజు బొమ్మలు అందించే సర్వర్లు ఆ తాకిడికి నిలవలేకపోయాయి, వాటిని మళ్లీ నిలబెట్టడానికి హడావుడి పడవలసి వచ్చింది.

అభిమానంతో వచ్చిన జనమది. వాళ్ల మొదటి అనుభవం, తెరుచుకోని పేజీ. చాలామంది ఓపికపట్టి మళ్లీ వచ్చారు కనుక ఆ ప్రయత్నం చరిత్రకెక్కింది. అందరికీ ఆ అదృష్టం ఉండదు.

ఎదురుచూపుల లెక్క

"సర్వర్ ఇంకా పదిశాతం ఖాళీగానే ఉంది కదా, కొత్తది ఎందుకు?" అని అధికారులు అడుగుతుంటారు. దీనికి జవాబు నూరేళ్ల కిందటే దొరికింది. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే గణితవేత్త, ఎన్ని లైన్లుంటే ఎంతమంది ఆగవలసి వస్తుందో తేల్చే లెక్కల్ని 1909 నుంచి ప్రచురిస్తూ వచ్చాడు. క్యూ సిద్ధాంతం అక్కడ పుట్టింది.

విద్యార్థుల కోసం ఒక చిన్న లెక్క చెబుతాను. ఒకే కౌంటరు, ఒకరి పనికి సగటున ఒక నిమిషం. జనం తోచినప్పుడల్లా వస్తుంటారు, పని కూడా ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ పడుతుంది. కౌంటరు సగం సమయం పనిలో ఉంటే, వచ్చినవాడు పని ముగించుకుని వెళ్లడానికి సగటున 2 నిమిషాలు పడుతుంది. 80 శాతం పనిలో ఉంటే 5 నిమిషాలు. 90 శాతమైతే 10. 95 శాతమైతే 20. పని పెరిగింది 90 నుంచి 95కే, పట్టే సమయం మాత్రం రెట్టింపయింది. నిండుకుండకు చివరి చెంబుడు నీళ్లే ప్రమాదం. ఖాళీగా కనబడే ఆ కాస్త జాగా వృథా కాదు, వరదకు వదిలిపెట్టిన జాగా. చెరువు గట్టుకు అలుగు ఎందుకు పెడతామో అందుకే అది ఉండాలి.

జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఇంకోటుంది. లోపల ఉన్నవాళ్ల సంఖ్య, వచ్చే వేగాన్ని ఉండే సమయంతో గుణిస్తే వస్తుంది. సెకనుకు 20 ప్రశ్నలు వస్తూ, ఒక్కోటి 3 సెకన్లు తీసుకుంటే ఎప్పుడు చూసినా సర్వర్ లోపల 60 ప్రశ్నలుంటాయి. ఏదో డిస్కు మందగించి ఒక్కో ప్రశ్నకు 30 సెకన్లు పట్టిందనుకోండి. వచ్చే జనం అంతే, లోపల 600 మంది! మనం 100 మందికే చోటు పెట్టి ఉంటే తలుపు దగ్గరే తొక్కిడి. అప్పుడు జవాబు రానివాళ్లు మళ్లీ మళ్లీ మీట నొక్కుతారు. వాళ్లు రాసుకున్న ప్రోగ్రాములైతే అలుపులేకుండా నొక్కుతూనే ఉంటాయి. వ్యవస్థ నీరసించిన ఘడియలోనే దాని మీద పని రెట్టింపవుతుంది. కాలువకు గండి పడటం ఎప్పుడైనా చూశారా? మొదట చీమకన్నం. నీరే ఆ కన్నాన్ని కోసుకుంటూ పోతుంది. సర్వర్ కూలడం కూడా అంతే. అందుకే మంచి ప్రోగ్రాము ఒకసారి జవాబు రాకపోతే కాసేపు ఆగి అడుగుతుంది, మళ్లీ రాకపోతే ఇంకా ఎక్కువసేపు ఆగుతుంది, అందరూ ఒకే క్షణాన తిరిగి రాకుండా ఆ ఆగే సమయాన్ని కాస్త అటూ ఇటూ చేసుకుంటుంది.

సగటు చెప్పని సంగతి

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, నేను పనిచేసే చోట ఒక డేటా విడుదలకు ముందు పరీక్ష నా చేతికిచ్చారు. ఉత్సాహంగా చేశాను. వందల మంది ఒకేసారి అడుగుతున్నట్టు ప్రోగ్రాము రాసి నడిపితే సగటున అర సెకనులో జవాబులొచ్చాయి. నివేదిక రాసి ఇచ్చాను. విడుదల రోజు వ్యవస్థ మధ్యాహ్నానికల్లా చతికిలబడింది. దూరపు కాలేజీల నుంచి అడిగినవాళ్లు సాయంత్రం దాకా చూసి వెళ్లిపోయారు.

ఆ వారం మాస్టారి ఇంటికి వెళ్లాను. అమ్మగారు కాఫీ ఇచ్చారు. నేను చెప్పిందంతా విని ఆయన ఒకటే అడిగారు: "ఎక్కడ కొలిచావమ్మా? తూము దగ్గరా, చివరి పొలంలోనా?"

సర్వర్ పక్క గదిలోనే కూర్చుని కొలిచాను. అది మొదటి తప్పు. అవే నాలుగు ప్రశ్నల్ని తిప్పి తిప్పి అడిగాను. మొదటిసారి తర్వాత వాటి జవాబులు మెమరీలోనే ఉండిపోయాయి, డిస్కు దాకా వెళ్లే పనే పడలేదు. నిజంగా వచ్చిన జనం ఒక్కొక్కరూ ఒక్కో మూల అడిగారు. అది రెండో తప్పు. ఒక జవాబు వచ్చాకే ఇంకో ప్రశ్న వేసేలా ప్రోగ్రాము రాశాను. అంటే సర్వర్ మందగిస్తే నా జనం మర్యాదగా నెమ్మదించారు. బయటి జనానికి ఆ సంగతి తెలియదు, వాళ్లు వస్తూనే ఉంటారు. అది మూడో తప్పు. అన్నిటికంటే పెద్దది నాలుగోది: సగటు చూసి తృప్తిపడటం. తొంభై మందికి పావు సెకను, పదిమందికి నిమిషం పట్టినా సగటు ఆరేడు సెకన్లే వస్తుంది. ఆ పదిమంది బాధ ఆ అంకెలో ఎక్కడా కనిపించదు.

ప్రవేశపరీక్షల పుణ్యమా అని మన పిల్లలకు పర్సంటైల్ అంటే ఏమిటో తెలుసు. సర్వర్‌కు కూడా మార్కులు అలాగే వేయాలి. వందమందిలో తొంభైతొమ్మిదో మనిషి ఎంతసేపు ఆగాడు? ఆ అంకె మీద నివేదిక రాయాలి. గూగుల్ ఇంజనీర్లు జెఫ్ డీన్, లూయిజ్ బారోసో 2013లో రాసిన వ్యాసంలో ఒక లెక్క ఉంది. ఒక్కో సర్వర్ వందసార్లలో ఒక్కసారే ఆలస్యం చేస్తుందనుకుందాం. ఒక ప్రశ్నకు వంద సర్వర్లు కలిసి జవాబివ్వాలంటే, వందమందిలో 63 మందికి ఆలస్యం తప్పదు. ఒక్కో చోట నూటికొకటి కదా అని వదిలేసిన లోపం, అన్నీ కలిసేచోట సగానికి పైగా జనాన్ని తాకుతుంది. ఇవాళ్టి పెద్ద ఆర్కైవులు చాలావరకు ఎన్నో సర్వర్ల మీదే నడుస్తున్నాయి.

ముందే చేసే ఆనకట్ట పరీక్ష

సరిగా చేసే పరీక్షలో నాలుగు అంచెలుంటాయి. రోజూ వచ్చేంత పని పెట్టి చూడటం ఒకటి. వ్యవస్థ విరిగేదాకా పెంచుకుంటూ పోయి, ఏ అంకె దగ్గర, ఏ భాగం ముందు విరుగుతుందో చూడటం రెండోది. ఒక మోస్తరు పనితో రోజుల తరబడి నడిపి, మెమరీ కారిపోతోందా, లాగ్‌లతో డిస్కు నిండిపోతోందా చూడటం మూడోది. నిశ్శబ్దంగా ఉన్న వ్యవస్థ మీదికి ఒక్కసారిగా జనాన్ని వదలడం నాలుగోది. విడుదల రోజు, గ్రహణం రోజు, తుఫాను రోజు వచ్చేది ఈ నాలుగో రకమే.

దీన్ని ఎంతో పట్టుదలగా చేసేది జెనీవా దగ్గరి సెర్న్ అనే కణభౌతిక పరిశోధన సంస్థ. అక్కడి లార్జ్ హాడ్రాన్ కొలైడర్ డేటాను 40కి పైగా దేశాల్లోని దాదాపు 170 కంప్యూటర్ కేంద్రాలు పంచుకుని దాచి, విశ్లేషిస్తాయి. ముంబైలో టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థ, కోల్‌కతాలో సైక్లోట్రాన్ కేంద్రం అందులో భాగస్వాములు. యంత్రంలో కణాలు ఢీకొనడానికి ఏళ్ల ముందు నుంచే, లేని డేటాను ఉన్నట్టు సృష్టించి ఖండాల మధ్య పంపి చూశారు. 2008లో ఒక పెద్ద కసరత్తు, 2009 జూన్‌లో ఇంకోటి. ఆ రెండో దానిలో ప్రయోగాలన్నీ ఒకే సమయంలో పనిచేయాలని పట్టుబట్టారు. ఒక్కొక్కరూ విడిగా పరీక్షించుకుంటే అంతా బాగానే ఉంటుంది. అందరూ ఒకేసారి పాత టేపుల్ని అడిగినప్పుడే టేపు యంత్రం అసలు బలం తెలుస్తుంది. టేపును అరలోంచి తీసి, బిగించి, కావలసిన చోటిదాకా తిప్పడానికే నిమిషాలు పడుతుంది. ఒక్కో ఫైలుకూ ఒక్కో టేపు మారుస్తూ పోతే రోజు గడిచిపోతుంది. ఒకే టేపులోవన్నీ కలిపి అడిగితే గంటలో పని తెమిలిపోతుంది. ఇది యంత్రం వేగం సమస్య కాదు, అడిగే వరస సమస్య. పరీక్ష చేయకపోతే అది బయటపడేదే కాదు.

వాళ్లు ఇప్పుడూ ఆపలేదు. రాబోయే దశలో డేటా అనేక రెట్లు పెరుగుతుంది కనుక, ఆనాటికి కావలసిన వేగంలో పదోవంతును 2021లోనూ, నాలుగోవంతును 2024 ఫిబ్రవరిలోనూ నడిపి చూశారు. అడ్డంకి ఎప్పుడూ తీగల్లోనే ఉండదు. ఎవరు ఏ ఫైలు ఎక్కడికి పంపాలో లెక్క రాసుకునే సాఫ్ట్‌వేరే ముందుగా అలిసిపోవచ్చు. ఒక మెట్టు ఎక్కి, దొరికిన లోపం సరిచేసుకుని, మరో మెట్టు ఎక్కడం. ప్రణాళిక అన్నమాటకు నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

చిలీలో సెర్రో పచోన్ కొండ మీద వెరా రూబిన్ అబ్జర్వేటరీ 2025 జూన్‌లో తొలి చిత్రాలు చూపించింది. 320 కోట్ల పిక్సెళ్ల కెమెరా, రాత్రికి దాదాపు 20 టెరాబైట్లు, పదేళ్లపాటు. ఆ డేటాను అడగడానికి క్యూసర్వ్ అనే డేటాబేసును టెలిస్కోపు పూర్తికావడానికి చాలా ముందే కట్టారు. లేని డేటాతో దాన్నెలా పరీక్షించాలి? చేతిలో ఉన్న చిన్న ఆకాశపు ముక్కను తీసుకుని, దాని ప్రతుల్ని ఆకాశమంతా పరిచి, పెద్ద పరిమాణాన్ని కల్పించారు. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో వరసగా పేర్చిన సర్వర్ల మీద దాన్ని ఏళ్లపాటు నడిపి చూశారు.

అందులో నాకు నచ్చిన ఊహ ఇంకోటుంది. ఆకాశమంతా గాలించే ప్రశ్న ఒక్కోటీ డిస్కుల్ని మొదటి నుంచి చివరిదాకా విడిగా చదివితే, ఇరవై ప్రశ్నలకు ఇరవైసార్లు చదవాలి. క్యూసర్వ్‌లో చదివే పని ఒక్కటే, ఆగకుండా సాగుతూ ఉంటుంది. కొత్త ప్రశ్న దారిలో ఎక్కుతుంది, తిరిగి ఎక్కిన చోటుకు వచ్చాక దిగుతుంది. ఎవరికి వారు కారు వేసుకుని వెళ్లకుండా అందరూ పల్లెవెలుగు బస్సెక్కినట్టు. ఒక్కొక్కరికీ కాస్త ఆలస్యమైనా, అందరూ చేరతారు.

వంతు తప్పని నీరు

ఎంత పరీక్షించినా, ఎంత కొన్నా, అందరూ ఒకేసారి వచ్చినప్పుడు నీరు చాలని రోజు ఒకటి వస్తుంది. ఆ రోజుకు వంతు ముందే రాసిపెట్టి ఉండాలి. కాలువ మీద వంతులు చూసే లస్కరు ఉండేది అందుకే కదా.

యూరప్‌వారి గయా ఉపగ్రహ బృందం 2018 ఏప్రిల్ 25న దాదాపు 170 కోట్ల నక్షత్రాల పట్టికను ఒక్కసారిగా విడుదల చేసింది. ప్రపంచమంతా ఆ ఘడియ కోసం కాచుకుని కూర్చుంది. మాడ్రిడ్ దగ్గరి ప్రధాన ఆర్కైవు ఒక్కటే ఆ బరువంతా మోయనవసరం లేకుండా, స్ట్రాస్‌బర్గ్, హైడెల్‌బర్గ్ వంటి చోట్ల భాగస్వామి కేంద్రాల్లోనూ పట్టికను ఉంచారు. పెద్ద ప్రశ్నల్ని వరసలో పెట్టి, ఒక్కో ప్రశ్నకు కాలపరిమితి విధించారు.

జన్యుడేటా భాండారమైన అమెరికాలోని ఎన్‌సీబీఐ ఇంకా ముక్కుసూటిగా చెబుతుంది. ప్రోగ్రాముతో అడిగేవాళ్లు సెకనుకు 3 అభ్యర్థనలకు మించకూడదు, పేరు నమోదు చేసుకుని తాళంచెవి తీసుకుంటే 10. పెద్ద పని ఉంటే అక్కడి రాత్రి వేళలోనో, వారాంతంలోనో చేసుకోవాలి. ఈ నియమాల్ని కొందరు పిసినారితనం అనుకుంటారు. నేను న్యాయం అనుకుంటాను. ఎగువ పొలంవాడు రాత్రంతా మోటారు వేసుకుంటే దిగువ పొలం ఎండుతుంది. ఇప్పుడు కృత్రిమ మేధ కోసం డేటా ఊడ్చుకుపోయే యంత్రాలు పగలూ రాత్రీ ఆర్కైవుల తలుపులు తడుతున్నాయి. ఆ రద్దీలో ఒక్క ఫైలు కోసం వచ్చిన విద్యార్థి నలిగిపోకుండా చూడటం మన బాధ్యత.

మన గట్టు మీద

ఇదంతా దూరదేశాల ముచ్చట అనుకోకండి. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ భారతదేశపు సముద్ర సమాచార కేంద్రం. ప్రపంచ సముద్రాల్లో దాదాపు 4 వేల ఆర్గో పరికరాలు తేలుతున్నాయి. సుమారు పదిరోజులకోసారి 2 వేల మీటర్ల లోతుకు దిగి, పైకి వస్తూ వేడిని, ఉప్పదనాన్ని కొలిచి ఉపగ్రహానికి చెబుతాయి. హిందూ మహాసముద్రం నుంచి వచ్చే ఆ కొలతలకు ఇన్‌కాయిస్ ప్రాంతీయ కేంద్రం. 2007 నుంచి సునామీ హెచ్చరికలు వెలువడేదీ అక్కడి నుంచే. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు శాస్త్రవేత్తలు, అధికారులు, విలేకరులు, జాలరి కుటుంబాల పిల్లలు అందరూ ఒకే ఘడియలో అడుగుతారు. మామూలు రోజు సగటు ఆ రోజుకు పనికిరాదు. ఇలాంటి సేవలు నడిపే ఏ కేంద్రమైనా తుఫాను రోజు కోసమే కట్టుకోవాలి.

శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్, చంద్రయాన్-2, ఆదిత్య-ఎల్1 పంపిన కొలతలు బెంగళూరు దగ్గరి బ్యాలాలు కేంద్రంలో చేరి, ప్రజలకు అందుబాటులోకి వస్తున్నాయి. అంటే శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో డిగ్రీ చదివే అమ్మాయి సూర్యుడి మీద పరిశోధన చేయడానికి రాకెట్ అక్కర్లేదు. ఒక కంప్యూటరు, ఓ మాదిరి ఇంటర్నెట్, జవాబిచ్చే ఆర్కైవు చాలు. మొదటి రెండూ ఆమె ఎలాగో సంపాదించుకుంటుంది. మూడోది మన చేతిలో ఉంది.

అందుకే ఈ వేదిక మీద నుంచి మూడు మాటలు అడుగుతున్నాను. మన విశ్వవిద్యాలయాల కంప్యూటర్ విభాగాలు చిన్న ఆర్కైవైనా ఒకటి కట్టి, దాన్ని విరిచి చూడటం విద్యార్థులకు నేర్పాలి. ప్రజాధనంతో నడిచే ప్రతి డేటా కేంద్రం విడుదలకు ముందు చేసిన పరీక్ష ఫలితాల్ని, ఓడిపోయినవి సహా, బయట పెట్టాలి. ఆ పరీక్ష సర్వర్ గదిలో కాకుండా, జిల్లా కాలేజీ ల్యాబులో, ఫోన్ సిగ్నల్ తక్కువున్న ఊళ్లో కూర్చుని చేయాలి.

మాస్టారు పోయిన ఏడాది, కార్యక్రమాలు అయ్యాక నేను వాళ్ల ఊరు వెళ్లాను. సాగు మొదలైన రోజులు. వాళ్ల పొలం ఇప్పుడు వేరేవాళ్లు చేస్తున్నారు. గట్టు మీద ఒక ముసలాయన గొడుగు పట్టుకుని కాలువ వంక చూస్తూ నిలబడ్డాడు. నీళ్లు వస్తున్నాయా తాతా అని అడిగాను. "వదిలారంటమ్మా, ఇంకా ఇక్కడికి రాలేదు" అన్నాడు.

ఆ మాట ఇప్పుడు నా ఆఫీసు గోడ మీద ఉంది. ప్రతి పరీక్ష నివేదిక మీదా సంతకం పెట్టే ముందు ఒకసారి తలెత్తి చదువుతాను. వదిలామన్నది మన మాట, రాలేదన్నది ఆయన మాట. ఆ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని కొలవమని మాస్టారు నాకు నేర్పారు. బతికినంతకాలం అదే కొలుస్తాను.